మా తర్వాత బాబు తరఫున సంతకం ఎవరు పెట్టాలి?

కాజీపేట నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆయనకు 67 ఏళ్లు. రైల్వేలో చేసి 2018లో రిటైరయ్యారు. చివరి బేసిక్ 62,200. భార్యకు 61, షుగరు, మోకాళ్ల నొప్పులు. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, పెళ్లయి ఇద్దరు పిల్లలు. రెండోవాడు టెక్సాస్‌లో స్థిరపడ్డాడు, గ్రీన్‌కార్డు ఉంది. చిన్నవాడికి 31 ఏళ్లు. పుట్టుక నుంచీ మేధో వైకల్యం, సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది. తన అన్నం తను తింటాడు, చెబితే స్నానం చేస్తాడు. పొద్దున్నే పాలవాడి దగ్గర ప్యాకెట్లు తీసుకుని, వాళ్లమ్మకు 'రెండు' అని చెప్పి ఫ్రిజ్‌లో పెడతాడు. పది నోటుకీ ఐదువందల నోటుకీ తేడా మాత్రం తెలియదు. 'ఎవరు అడిగినా కాదనడు, వేలిముద్ర వేసేస్తాడు. నా భయమంతా అదే' అని రాశారు.

ఆస్తి: ఆయన పేరన 180 గజాల ఇల్లు, పైపోర్షన్ కిరాయి నెలకు 11,000. భార్య పేరన ఊరి చివర 200 గజాల ఖాళీ ప్లాటు. ఇద్దరి పేరనా కలిపి 32 లక్షల ఎఫ్‌డీలు. ఇల్లు బాబు పేరన రాసేయమని ఒకరు, అంతా కూతురికి రాసిచ్చి తమ్ముణ్ని చూసుకోమని మాట తీసుకొమ్మని ఒకరు, పెళ్లి చేస్తే వచ్చిన పిల్ల చూసుకుంటుందని ఇంకొకరు చెబుతున్నారట. వికలాంగుల వసతిగృహం ఒకటి పెద్దమొత్తం ఒకేసారి కడితే జీవితాంతం ఉంచుకుంటామంది. డాక్యుమెంట్ రైటర్ ఒకాయన పన్నెండు పేజీల 'చారిటబుల్ ట్రస్టు' దస్తావేజు రాసి, సంతకం పెడితే రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నారు. ఆ కాపీ కూడా జతచేశారు. 'ట్రస్టు పెట్టమంటారా? పెడితే ఎలాంటిది? ఎవరిని నమ్మాలి?' అన్నది ఆయన ప్రశ్న.

* * *

ముందుగా ఒక్క మాట. ఆ పన్నెండు పేజీల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

మీరు ట్రస్టు గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. బాబు తరఫున సంతకం ఎవరు పెట్టాలి, బాబు డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, ఆ చేతిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి. ట్రస్టు, అంటే బాబు కోసం ఆస్తిని ట్రస్టీలనేవాళ్ల చేతిలో పెట్టే ఏర్పాటు, రెండోదానికి మాత్రమే జవాబు. మొదటిదానికి గార్డియన్ కావాలి. మూడోది మీరు దస్తావేజులో రాసుకుంటే తప్ప దానంతటదే రాదు. చాలా కుటుంబాలు ట్రస్టు పెట్టేసి అన్నీ అయిపోయాయనుకుంటాయి. తీరా తండ్రి పోయాక బాబు బ్యాంకు ఖాతా నడిపే మనిషి లేక నెలల తరబడి తిరుగుతాయి.

అయితే ఈ మూడింటికంటే ముందు చూడాల్సినది మీ పెన్షన్. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది: 'పీపీఓలో నా భార్య పేరే ఉంది.' (పీపీఓ అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు.) మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద ఆస్తి అదే. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న పిల్లలకు వయసుతో సంబంధం లేకుండా జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీ తర్వాత మీ భార్యకు, ఆవిడ తర్వాత బాబుకు. మొత్తం చివరి బేసిక్‌లో 30 శాతం, అంటే మీ లెక్కన 18,660, దానిపై డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భృతి). లెక్క సులువు కోసం డీఆర్ 50 శాతం అనుకుంటే నెలకు 27,990. ఇంత వడ్డీ రావాలంటే 7 శాతం చొప్పున సుమారు 48 లక్షల ఎఫ్‌డీ ఉండాలి. పైగా ఎఫ్‌డీ వడ్డీ ధరలతోపాటు పెరగదు, డీఆర్ పెరుగుతుంది.

కాబట్టి మొదటి పని, బాబు పేరు పీపీఓలో చేర్పించడం. మీరు బతికుండగానే చేయించవచ్చు, అదే మంచిది. మీరు రిటైరైన డివిజన్ పర్సనల్ బ్రాంచికి దరఖాస్తు పెట్టండి. సదరం సర్టిఫికెట్, బాబు పుట్టినతేదీ రుజువు, ఆధార్, ఫొటోలు జతచేయండి. మేధో వైకల్యం ఉన్నవారి పెన్షన్ ఎవరి ద్వారా ఇవ్వాలో పెన్షనరే నామినేట్ చేయవచ్చు. ఆ కాగితం కూడా ఇప్పుడే ఇచ్చేయండి. వాళ్లు ఇచ్చే సవరణ పీపీఓ చేతికొచ్చేదాకా వదలకండి. 'తర్వాత చూసుకోవచ్చు సార్' అని ఎవరైనా అంటే వినకండి. మీరిద్దరూ లేని రోజున, మీ సర్వీసు కాగితాలు తెలియని కూతురు ఆ పని మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ట్రస్టు గురించి మీకు సలహా ఇచ్చినవాళ్లెవరూ దీని గురించి చెప్పినట్టు లేదు. బాబుకు ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే ఆయన ఇతర ఆదాయం ఆ పెన్షన్ మొత్తానికి, అంటే 30 శాతానికీ దానిమీది డీఆర్‌కూ కలిపి, తక్కువగా ఉండాలి. 2021 ఫిబ్రవరి దాకా ఈ పరిమితి 9,000, దానిపై డీఆర్ మాత్రమే. కేంద్రం అప్పుడు సడలించింది. ఇప్పుడు మీ లెక్క చూడండి. 32 లక్షల ఎఫ్‌డీ మొత్తం బాబు ట్రస్టులో వేస్తే 7 శాతం చొప్పున ఏడాదికి 2,24,000, నెలకు 18,667. ఇంటి కిరాయి 11,000 కూడా ఆ ట్రస్టుకే రాశారనుకోండి. మొత్తం 29,667. పరిమితి 27,990. నెలకు 1,677 రూపాయలు పైకి వెళ్లినందుకు 27,990 పోతుంది. ప్రేమకొద్దీ అన్నీ బాబుకే రాసిన తండ్రి, బాబుకు జీవితాంతం రావాల్సిన పెన్షన్‌ను తన చేత్తోనే ఆపేసినట్టవుతుంది. అందుకే మీ ట్రస్టులో ఏం వేయాలన్నది 'ఎంత ఉంది' అని కాకుండా 'పెన్షన్‌కు అడ్డం పడకుండా ఎంత వేయొచ్చు' అని చూసి తేల్చాలి. ఎఫ్‌డీలు మాత్రమే ట్రస్టులో ఉంటే 18,667 దగ్గరే ఆగుతుంది, తొమ్మిది వేల పైచిలుకు వెసులుబాటు ఉంటుంది. ఇంటిని వేరే దారిలో పెట్టుకోవచ్చు. ఆ దారి ఇంకాస్త కింద చెబుతాను.

(ఇది చదువుతున్న మిగతావాళ్లకు: ప్రైవేటు ఉద్యోగం చేసి ఈపీఎఫ్ పెన్షన్ తీసుకుంటున్నవారి పిల్లల్లో శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్నవారికీ ఆ పథకంలో జీవితాంతం పెన్షన్ ఉంది. చిన్న మొత్తమే అయినా పేరు నమోదు చేయించుకోండి.)

ఇప్పుడు గార్డియన్ సంగతి. 18 నిండాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో దానంతటదే గార్డియన్లు కారు. పదమూడేళ్లుగా బాబు తరఫున మీరు పెడుతున్న సంతకాలు ఎవరూ ప్రశ్నించలేదు కాబట్టి నడిచిపోయాయి, అంతే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికీ 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం వర్తిస్తుంది. మీరు కోర్టుకు వెళ్లనక్కర్లేదు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి ఫారం-ఎలో దరఖాస్తు పెడితే, విచారించి ఫారం-బిలో గార్డియన్‌ను నియమిస్తారు. పెన్షన్ చెల్లించేవాళ్లు, బ్యాంకులు ఆ సర్టిఫికెట్‌ను ఒప్పుకోవాలని ఆదేశాలున్నాయి. కౌంటర్ దగ్గర 'కోర్టు ఆర్డర్ కావాలి' అంటే, ఆ మాటే రాసివ్వమని మర్యాదగా అడగండి. (స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు ఈ దారి లేదు, వారు కోర్టుకే వెళ్లాలి.)

ముందుగా మీరిద్దరూ గార్డియన్లుగా దరఖాస్తు పెట్టుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఈ గార్డియన్ పదవి వీలునామాలో ఇంకొకరికి రాసిచ్చేది కాదు. మీ తర్వాత అమ్మాయి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. కనుక 'మా తదనంతరం ఫలానావారిని నియమించవలసిందిగా కోరుతున్నాం' అని మీ సంతకాలతో, ఆమె సమ్మతితో ఒక లేఖ ఇప్పుడే కమిటీకి ఇచ్చి, రశీదు తీసుకుని ఆమె దగ్గర ఉంచండి. బాబు ఆస్తి బాధ్యత కూడా గార్డియన్‌కు ఇస్తే, నియామకమైన ఆరు నెలల్లో ఆ ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు కమిటీకి ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు. తర్వాత ఏ బంధువో ఫిర్యాదు చేస్తే గార్డియన్‌ను తొలగించడానికి అదే ఆధారమవుతుంది. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. చేర్పించకపోతే చేర్పించండి.

ఇక మీకు వచ్చిన సలహాలు ఒక్కొక్కటీ.

పెళ్లి మాట వదిలేయండి. సమ్మతి ఇవ్వలేని వ్యక్తికి చేసిన పెళ్లి హిందూ వివాహ చట్టం కింద రద్దుకు గురయ్యేదే. అంతకుమించి, జీతం లేని సేవ కోసం ఒక ఆడపిల్ల జీవితాన్ని తెచ్చి పెట్టడం అది. మీరు కూడా ఆ మాటను ఇష్టంగా రాయలేదని మీ వాక్యంలోనే తెలుస్తోంది.

ఇల్లు బాబు పేరన రాసేస్తే ఏమవుతుంది? మంచి ఏమిటంటే, యజమాని ఆయనే కాబట్టి వేరేవాళ్ల అప్పులకు, తగాదాలకు ఆ ఇల్లు పోదు. చెడు ఏమిటంటే, 'ఎవరు అడిగినా వేలిముద్ర వేసేస్తాడు' అని మీరే రాశారు. అలాంటి దస్తావేజు చెల్లదని రుజువు చేయడానికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. అవసరానికి ఇల్లు అమ్మాలన్నా, పై అంతస్తు మీద లోను తీయాలన్నా అనుమతులు కావాలి. కిరాయి మొత్తం ఆయన ఆదాయమై పెన్షన్ పరిమితిలోకి వచ్చేస్తుంది. ఆయన వీలునామా రాయలేరు కాబట్టి తర్వాత ఎవరికి చేరాలన్నది మీ చేతిలో ఉండదు.

అంతా కూతురికి రాసిస్తే? మీ అమ్మాయి గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలు చదివాక ఆమె మనసు మీద నాకు అనుమానం లేదు. కానీ రాసిన మరుక్షణం ఆ ఆస్తి ఆమెది. ఆమె తమ్ముడికంటే ముందు పోతే అది ఆమె భర్తకు, పిల్లలకు వెళుతుంది, వాళ్లకు మేనమామ మీద చట్టపరమైన బాధ్యత ఏమీ లేదు. అల్లుడి వ్యాపారానికి ఆమె హామీ సంతకం పెట్టిందనుకోండి, అప్పులవాడు ఈ ఇంటి మీదికీ రాగలడు. ఇంకో అపోహ కూడా తీసేయాలి. పిల్లలు చూడకపోతే రాసిచ్చిన ఆస్తి వెనక్కి తీసుకోవచ్చన్న 2007 నాటి వృద్ధుల చట్టం మిమ్మల్ని కాపాడేందుకు ఉంది. బాబును చూడలేదన్న కారణంతో, అదీ మీరు పోయాక, దాన్ని వాడుకోవడానికి ఉండదు.

ఇప్పుడు ఆ పన్నెండు పేజీలు. మొదటి తప్పు పేరులోనే ఉంది. ఒక్క మనిషి పోషణ కోసం పెట్టే ట్రస్టు ధర్మసంస్థ కాదు. అది 1882 నాటి ట్రస్టుల చట్టం కింద వచ్చే ప్రైవేటు ట్రస్టు. 'చారిటబుల్' అని పేరు పెట్టినంత మాత్రాన పన్ను మినహాయింపు రాదు, పైగా నోటీసులు వస్తాయి.

నాలుగో పేజీలో ఇలా ఉంది: 'ట్రస్టు ఆదాయమును లబ్ధిదారునికి గాని, ట్రస్టీల అభీష్టము మేరకు కుటుంబములోని ఇతర సభ్యులకు గాని వినియోగించవచ్చును.' వినడానికి వెసులుబాటులా ఉంది గానీ, ఈ ఒక్క వాక్యం ఖరీదు చాలా ఎక్కువ. లబ్ధిదారు ఒక్కరే, వాటా స్పష్టం అయితే ట్రస్టు ఆదాయంపై పన్ను ఆ లబ్ధిదారు శ్లాబు ప్రకారమే పడుతుంది. ఏడాదికి 2,24,000 వడ్డీ మాత్రమే ఉన్న బాబు విషయంలో కట్టాల్సింది ఏమీ ఉండదు. అదే ఎవరికి ఎంతన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలితే మొదటి రూపాయి నుంచే అత్యధిక శ్లాబు రేటు పడుతుంది. దానివల్ల ఒక లాభం లేకపోలేదు. అలాంటి ట్రస్టు ఆదాయం బాబుకు హక్కుగా వచ్చేది కాదు, కాబట్టి పెన్షన్ పరిమితి దాటే కుటుంబాలు, కోట్లలో ఆస్తి ఉన్నవారు పన్ను కట్టుకునైనా ఆ దారి ఎంచుకోవచ్చు. మీ స్థాయికి అది అనవసరం. 'ఇతర సభ్యులకు' అన్న మాట కొట్టేయించండి.

తొమ్మిదో పేజీలో 'ఈ ట్రస్టు రద్దుపరచుటకు వీలులేనిది' అని ఉంది. బతికుండగా పెట్టిన ట్రస్టును రద్దు చేసే హక్కు దస్తావేజులో ఉంచుకోకపోతే, లబ్ధిదారు సమ్మతితోనే రద్దు చేయాలి. బాబు సమ్మతి ఇవ్వలేరు కాబట్టి మీరు సంతకం పెట్టిన క్షణం నుంచి అది రాతిమీద చెక్కినట్టే. రేపు మీకో మీ ఆవిడకో పెద్ద ఆపరేషన్ అవసరమైతే అందులోంచి రూపాయి తీసుకోలేరు. రద్దు హక్కు ఉంచుకుంటే ఆ ఆదాయం మీ ఆదాయంగానే లెక్కకొస్తుంది, మీరే పన్ను కట్టాలి. చిన్న మొత్తంతో మొదలుపెడితే అదేమంత భారం కాదు. మీరున్నంతకాలం రద్దు హక్కు ఉంచుకుని, మీ ఇద్దరి తర్వాత అది ముగిసేలా రాయించుకోవచ్చు.

పదో పేజీలో ట్రస్టీగా కూతురు ఒక్కరే ఉన్నారు, బాబు తదనంతరం మిగిలినదంతా కూడా ఆమెకే. అంటే తమ్ముడి మీద ఖర్చుపెట్టని ప్రతి రూపాయీ చివరికి ఆమెకే చేరుతుంది. ఆమె ఎంత మంచిదైనా, ఆమెను అలాంటి చోట నిలబెట్టడం ఆమెకే అన్యాయం. రేపు టెక్సాస్‌లో ఉన్న తమ్ముడు అడిగినా, ఊళ్లో ఎవరైనా అన్నా, ఆమె దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ముగ్గురు ట్రస్టీలను పెట్టండి. అమ్మాయి, మీకంటే కనీసం ఇరవయ్యేళ్లు చిన్నవాడైన దగ్గరి బంధువు ఒకరు, ఆస్తిలో ఏ వాటా లేని బయటి మనిషి ఒకరు. ఆ మూడోవారు బాబు వెళ్లిన స్పెషల్ స్కూల్లో పరిచయమైన మరో తల్లో తండ్రో అయితే ఇంకా మంచిది, వాళ్లకు విషయం తెలుసు. ట్రస్టీ సేవలందించే కంపెనీలున్నాయి గానీ, 32 లక్షల నిధికి ఏటా వాళ్ల ఫీజు బరువవుతుంది.

ముగ్గురిని పెట్టినప్పుడు కొన్ని మాటలు తప్పకుండా రాయించండి, చట్టంలో ఉన్న మామూలు నియమాలు మీకు ఇబ్బందిగా ఉంటాయి కాబట్టి. మామూలుగా ట్రస్టీలందరూ కలిసే సంతకం పెట్టాలి. అందుకని 'ముగ్గురిలో ఇద్దరి సంతకాలు చాలు' అని ఉండాలి. ఒకసారి ఒప్పుకున్న ట్రస్టీ కోర్టు అనుమతితోనో, సమ్మతి ఇవ్వగల లబ్ధిదారు ఒప్పుకోలుతోనో తప్ప తప్పుకోలేరు, దస్తావేజు అనుమతిస్తే తప్ప. కనుక 'మూడు నెలల నోటీసుతో తప్పుకోవచ్చు, మిగిలినవారు ఆరు నెలల్లో కొత్తవారిని తీసుకోవాలి' అని రాయాలి. లేకపోతే మంచివాళ్లు భయపడి మొదటే ఒప్పుకోరు. దస్తావేజులో లేకుండా ట్రస్టీ ప్రతిఫలం తీసుకోకూడదు. ప్రయాణ ఖర్చులు, ఆడిటర్ ఫీజు ట్రస్టే భరిస్తుందని రాయండి. పెట్టుబడి అధికారం విడిగా రాయకపోతే ట్రస్టీల చేతులు కట్టేసినట్టే, కాబట్టి బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు, మ్యూచువల్ ఫండ్లు అని పేర్లు పెట్టి రాయండి. ఒక్క బ్యాంకులో మొత్తం పెట్టొద్దు. డిపాజిట్ బీమా బ్యాంకుకు 5 లక్షల వరకే. ఏటా ఇంత తక్కువ కాకుండా బాబు మీద ఖర్చు చేయాలి అన్న మాట కూడా ఉండాలి, ఆ మొత్తం ధరలతోపాటు ఏటా పెరగాలి. ట్రస్టీలు పొదుపు పేరుతో బాబుకు మనిషిని పెట్టకుండా డబ్బు దాచే ప్రమాదం, తినేసే ప్రమాదమంత నిజమైనదే.

టెక్సాస్‌లో ఉన్న అబ్బాయిని ట్రస్టీగా పెట్టకండి. ఆయన మీద నమ్మకం లేక అంటున్న మాట కాదిది. అమెరికా నివాసి విదేశీ ట్రస్టుకు డబ్బు పంపితే అక్కడ ఫారం 3520లో చూపాలి. ఇక్కడి ఖాతాల మీద సంతకం అధికారం ఉండి, అలాంటి ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక ఇవ్వాలి. మరిచిపోతే జరిమానాలు భారీగా ఉంటాయి. ట్రస్టు లెక్కలు ఏటా ఆయనకు పంపాలని, ఆయన ప్రశ్నలకు ట్రస్టీలు జవాబివ్వాలని దస్తావేజులో రాయండి. దూరం నుంచి లెక్కలు చూసే కన్నుగా ఆయన బాగా పనికొస్తారు. డబ్బు పంపేముందు అక్కడి తన టాక్స్ అకౌంటెంట్‌ను ఒకసారి అడగమనండి.

ఇక మీ ముందున్న దారులు మూడు.

ఒకటి, ట్రస్టు లేకుండా గార్డియన్ సర్టిఫికెట్, పీపీఓలో పేరు, ఇద్దరి వీలునామాలతో సరిపెట్టుకోవడం. ఖర్చు తక్కువ, ఏటా రిటర్నుల బాధ లేదు. కానీ డబ్బూ మనిషీ రెండూ ఒక్కరి చేతిలో ఉంటాయి. ఆ ఒక్కరికి ఏదైనా అయితే కొత్త గార్డియన్ వచ్చేదాకా డబ్బు కదలదు.

రెండు, ట్రస్టును వీలునామాలోనే రాసి, మీ తదనంతరం పుట్టేలా చేయడం. మీరున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది. పక్షవాతంతో మంచాన పడితే అది ఏమీ చేయదు. ట్రస్టీలుగా రాసినవాళ్లు అప్పుడు ఒప్పుకోకపోవచ్చు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, అన్నీ మీరు లేనప్పుడు కొత్తగా మొదలుకావాలి.

మూడు, ఇప్పుడే చిన్న నిధితో, 3 లక్షలో 5 లక్షలో వేసి, ట్రస్టు రిజిస్టర్ చేయించి నడపడం, మిగతా ఎఫ్‌డీలు వీలునామా ద్వారా అందులోకి చేరేలా రాయడం. మీరూ ఒక ట్రస్టీగా ఉండొచ్చు. రెండు మూడేళ్లు మీ కళ్లముందే లెక్కలు రాస్తారు, సంతకాలు పెడతారు, ఏ ట్రస్టీ ఫోనెత్తరో మీకే తెలిసిపోతుంది, మార్చుకోవచ్చు. ఏటా రిటర్ను వేయాలి, ఆడిటర్‌కు కొంత ఇవ్వాలి. 'తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడే గాక, ఇద్దరూ చూసుకోలేని స్థితిలో ఉన్నారని ఇద్దరు డాక్టర్లు రాసిచ్చినప్పుడు కూడా' ట్రస్టు ఖర్చు బాధ్యత తీసుకోవాలని రాయవచ్చు. కూతురికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోదా అంటారేమో. మీరు మతి తప్పినా, మరణించినా అది పోతుంది. మీ పరిస్థితికి నా మొగ్గు ఈ మూడోదానివైపే. కానీ ముగ్గురు ట్రస్టీలు దొరకకపోతే బలవంతంగా ఇద్దరిని రాయించుకుని మొదలుపెట్టడం కంటే మొదటి దారిలో ఉండి వెతుక్కోవడమే మంచిది.

ఇంటిని ట్రస్టులో వేయాల్సిన అవసరం లేదు. స్థిరాస్తి వేస్తే దస్తావేజు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కుటుంబ సభ్యుల పేరన రాస్తే వచ్చే స్టాంపు డ్యూటీ రాయితీ ట్రస్టుకూ వస్తుందని అనుకోకండి. దానికి బదులు వీలునామాలో యాజమాన్యం ఇద్దరు పిల్లలకు రాసి, బాబుకు కింది పోర్షన్‌లో జీవితాంతం నివాస హక్కు పెట్టండి. ఆయన ఉండగా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, పైపోర్షన్ కిరాయిలోంచి ఇంటి పన్ను, కరెంటు, మరమ్మతులు యజమానులు భరించాలి అని స్పష్టంగా రాయండి. కిరాయి యజమానుల ఆదాయం కాబట్టి బాబు పెన్షన్ పరిమితి జోలికి రాదు. బాబు ఎప్పుడైనా వసతిగృహానికి మారితే కింది పోర్షన్ కిరాయి ఎవరికి వెళ్లాలో కూడా రాయండి. తగాదాలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

ప్లాటు అమ్మేయండి. ఊరి చివరి ఖాళీ స్థలాన్ని కాపాడాలంటే నెలకోసారి వెళ్లి చూడాలి, కడీలు పాతాలి, కబ్జాలతో కొట్లాడాలి. ఆ పని ట్రస్టీలు చేయరు. ఆవిడ పేరన ఉంది కాబట్టి ఆవిడే సంతకం పెట్టగలిగినప్పుడే అమ్మాలి. వీలునామా లేకుండా ఆవిడ పోతే మీకూ ముగ్గురు పిల్లలకూ సమాన వాటాలొస్తాయి. అందులో బాబు నాలుగో వంతు అమ్మడానికి అనుమతులు కావాలి, మొత్తం ఆగిపోతుంది. వచ్చిన డబ్బు వడ్డీ కూడా పెన్షన్ పరిమితిలో లెక్కకొస్తుందని మరవకండి. కొంతభాగం ఏటా వడ్డీ చేతికి రాని గ్రోత్ ఫండ్లలో పెట్టుకోవచ్చు.

వీలునామాలు రెండు ఉండాలి, మీది వేరు, ఆవిడది వేరు. సాక్షులు ఇద్దరు, మీకంటే చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. బ్యాంకు నామినేషన్లూ సరిచూసుకోండి. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, యజమాని కాడు. బాబును మాత్రం నామినీగా పెట్టకండి, గార్డియన్ లేనిదే బ్యాంకు ఇవ్వదు.

వసతిగృహం వాళ్లకు ఇప్పుడే పెద్దమొత్తం కట్టొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద వాళ్లకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి, నంబరు అడగండి. చెప్పకుండా ఒకసారి మధ్యాహ్న భోజనం వేళ, ఒకసారి ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. మీరిద్దరూ ఆరోగ్యంగా ఉండగానే బాబును అక్కడ పది రోజులు ఉంచి చూడండి. అమ్మ పోయిన మరునాడు కొత్తచోటికి మారడం ఆయనకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలినట్టు. ఎప్పుడైనా చేర్చినా నెలనెలా ట్రస్టు నుంచి కట్టే పద్ధతే మేలు. డబ్బు ఆగుతుందన్న భయం ఉన్నచోట శ్రద్ధ కూడా ఉంటుంది.

దస్తావేజులతోపాటు ఒక నోటుపుస్తకం కావాలి, అది మీ ఆవిడే రాయాలి. ఏ మందు ఎన్నింటికి, మాత్ర మింగకుండా బుగ్గలో పెట్టుకుంటాడా, పంటినొప్పి వస్తే ఎలా చెబుతాడు, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు. పాల ప్యాకెట్ల సంగతి తప్పకుండా రాయించండి. తర్వాత వచ్చే మనిషి తెలియక ఆ ప్యాకెట్లు తనే తీసుకుంటే, ఆరోజు బాబు ఎందుకు అన్నం తినలేదో ఎవరికీ అర్థం కాదు. ఏటా మీ పెళ్లిరోజున దాన్ని తిరగరాయండి. ఒక కాపీ అమ్మాయికి, ఒకటి ట్రస్టీలకు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు, దసరా సెలవులకు అమ్మాయి వచ్చినప్పుడు అల్లుణ్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. అబ్బాయిని ఫోన్లో కలపండి. కాగితాల్లో ఏముందో మీరు పోయాక కాకుండా, మీ నోటి నుంచే విననివ్వండి. ఈలోపు బీరువాలోంచి సదరం సర్టిఫికెట్ తీసి రెండు చూడండి. 'శాశ్వతం' అని ఉందా, 'తాత్కాలికం' అని ఉందా? తాత్కాలికం అయితే పెన్షన్ కోసం ఐదేళ్లకోసారి కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి, కాబట్టి మళ్లీ పరీక్షకు రాయించుకోండి. రెండోది, అందులో బాబు ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయా? తేడా ఉంటే రైల్వే ఆఫీసుకు వెళ్లేముందే సరిచేయించుకోండి.